పక్క గది టీవీ మన ఫోన్‌కు ఎలా తెలుసు?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగు పిల్లలు ఎక్కువగా ఉండే పీజీల్లో ఇది రోజూ కనిపించేదే. రాత్రి భోజనాలయ్యాక ఒకరు మంచం మీద వాలి ఫోన్‌లో యూట్యూబ్ తెరుస్తారు. పైన ఉన్న క్యాస్ట్ గుర్తు (వీడియోను టీవీ మీదికి పంపేది) నొక్కగానే ఒక జాబితా వస్తుంది. కింద హాల్లో ఉన్న టీవీ, పక్క గదివాళ్లు మొన్న కొనుక్కున్న టీవీ, ఎవరిదో స్పీకరు అందులో ఉంటాయి. వాటిని ఆ ఫోన్‌కు ఎవరూ పరిచయం చేయలేదు. అది వైఫైలో చేరి నిండా రెండు నిమిషాలు కాలేదు. అయినా ఇరుగుపొరుగు ఎవరో దానికి తెలిసిపోయింది.

ఇది ఎలా సాధ్యమైందో తరచి చూస్తే ఒక లోటు బయటపడుతుంది. లోకల్ నెట్‌వర్క్‌లో ఒక పరికరం ఇంకో పరికరాన్ని వెతికి పట్టుకోవడానికి చక్కటి ఏర్పాట్లున్నాయి. దొరికింది నిజంగా అదేనా అని తేల్చుకునే ఏర్పాటు మాత్రం దాదాపు లేదు. ఎవరు పలికితే వారే అసలువారని నమ్మడం మీద ఈ వ్యవస్థ నడుస్తోంది. నలుగురున్న ఇంట్లో ఆ నమ్మకానికి ఢోకా లేదు. ఒకరికొకరు తెలియని డెబ్భై ఎనభై మంది ఒకే వైఫై మీద బతికే పీజీలో అదే నమ్మకం పెద్ద బలహీనత అవుతుంది. అక్కడ నెట్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇంటర్నెట్ కనెక్షన్‌లో ఉండదు, ఈ ఇరుగుపొరుగు లెక్కల్లోనే ఉంటుంది.

ఫలానా వాళ్లిల్లు ఎక్కడండీ?

ప్రతి పరికరానికీ రెండు చిరునామాలుంటాయి. ఒకటి ఐపీ అడ్రస్. రౌటర్ ఇస్తుంది, చోటు మారితే అదీ మారుతుంది. రెండోది మ్యాక్ అడ్రస్. నెట్‌వర్క్ కార్డు తయారైనప్పుడే దానికి కట్టబెట్టిన 48 బిట్ల సంఖ్య. యాప్‌లు, బ్రౌజర్లు ఐపీతోనే మాట్లాడతాయి. కానీ ఒకే వైఫైలోనో ఒకే స్విచ్ (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) మీదో ఉన్న రెండు పరికరాల మధ్య ప్యాకెట్, అంటే డేటా మూట, కదలాలంటే మ్యాక్ కావాలి. ఐపీ తెలుసు, మ్యాక్ తెలియదు. ఈ రెంటినీ కలిపే పని ఆర్ప్ అనే పద్ధతిది. 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ దీన్ని ఆర్‌ఎఫ్‌సీ 826గా (ఇంటర్నెట్ నియమాలుండే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) రాశారు. నలభై ఏళ్లు దాటినా వైఫై, ఈథర్‌నెట్ (కేబుల్) మీద నడిచే ఐపీవీ4 నెట్‌వర్క్‌లు, అంటే ఐపీ పాత రూపం వాడేవి, ఇప్పటికీ దీని మీదే నడుస్తున్నాయి.

దగ్గర నుంచి చూద్దాం. మూడో అంతస్తులో ఒక ల్యాప్‌టాప్ ఉంది, దాని ఐపీ 192.168.1.57. రౌటర్ ఐపీ 192.168.1.1. కరెంటు పోయి వచ్చింది, ల్యాప్‌టాప్ మళ్లీ వైఫై ఎక్కింది. మెయిల్ తెరవగానే అది ముందుగా చూసుకునేది ఒకటే: వెళ్లాల్సిన చిరునామా మన వీధిదా, బయటిదా? వీధి హద్దు చెప్పే సబ్‌నెట్ మాస్క్‌తో పోల్చుకుంటే బయటిదని తేలుతుంది. బయటికి పోయే ప్యాకెట్లన్నీ రౌటర్ చేతికివ్వాలి. ఏ ఐపీది ఏ మ్యాక్ అని రాసుకునే తన పట్టికలో ఆ రౌటర్ మ్యాక్ లేదు. అప్పుడు ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది: ‘192.168.1.1 ఎవరు? నేను 192.168.1.57ని, నా మ్యాక్ ఇది, నాకు చెప్పండి.’

కొత్త ఊళ్లో బస్సు దిగి, వీధి మొదట్లో నిలబడి ‘ఫలానా వాళ్లిల్లు ఎక్కడండీ?’ అని కేకేసినట్టే ఇది. ఆ ప్రశ్న అసలు కొలత 28 బైట్లే. ఈథర్‌నెట్‌లో కనీస పరిమాణం ఉండాలి కాబట్టి మిగతాది సున్నాలతో నింపి పంపుతారు. ‘నీ మ్యాక్ ఎంత’ అనే గడిని మాత్రం ఖాళీగా వదులుతారు. వీధిలో అందరూ వింటారు, సంబంధం లేనివాళ్లు ఊరుకుంటారు. 192.168.1.1 ఉన్న రౌటర్ ఒక్కటే ఆ గడి నింపి తిరిగి పంపుతుంది, ఈసారి కేక వేయకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే. ఇద్దరూ ఒకరినొకరు పట్టికలో రాసుకుంటారు. అడిగినవాడు తన వివరాలు ముందే చెప్పాడు కాబట్టి రౌటర్ మళ్లీ అడగనక్కర్లేదు. చాలా పొదుపైన ఏర్పాటు, దాన్ని రాసినవారి నేర్పు అందులో కనిపిస్తుంది.

ఆ రాసుకున్నది ఎక్కువసేపు నిలవదు. విండోస్, లినక్స్ రెండూ 30 సెకన్లను మూలంగా తీసుకుని, 15 నుంచి 45 సెకన్ల మధ్య ఏదో ఒక గడువు పెట్టుకుంటాయి. అది దాటితే పాత సమాచారాన్ని అనుమానంగానే చూస్తాయి. పెద్ద కంపెనీల్లో వాడే కొన్ని రౌటర్లు మాత్రం గంటల తరబడి గుర్తుంచుకుంటాయి. సిస్కో రౌటర్లలో మామూలుగా ఉండే గడువు నాలుగు గంటలు. ఒక యంత్రం తీసేసి అదే ఐపీతో ఇంకోటి పెట్టినప్పుడు, కొన్నిచోట్ల వెంటనే పనిచేసి కొన్నిచోట్ల మొరాయించడానికి ఈ తేడా ఒక కారణం. దీనికి విరుగుడుగా కొత్త యంత్రం ఎవరూ అడగకుండానే ‘ఈ ఐపీ ఇక నాది, నా మ్యాక్ ఇది’ అని దండోరా వేయిస్తుంది. మిగతావాళ్లు పాతది కొట్టేసి కొత్తది రాసుకుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 826 ప్రకారం, పంపినవారి ఐపీ అప్పటికే పట్టికలో ఉంటే వచ్చిన కొత్త మ్యాక్‌ను ముందు రాసుకోవాలి. వచ్చింది ప్రశ్నా జవాబా అన్నది ఆ తరవాతే చూడాలి. అంటే అడగని జవాబును కూడా నమ్మాలన్నమాట. 1982లో నెట్‌వర్క్ అంటే ఒకే సంస్థలో, ఒకరికొకరు తెలిసినవాళ్ల యంత్రాలు. అప్పటికి అది తప్పు కాదు. ఈరోజు పీజీ వైఫైలో మాత్రం అది తాళం లేని తలుపు.

ఇంటిపేరు చెప్పే సంఖ్య

మ్యాక్ అడ్రస్‌కు మన పేర్ల పోలిక ఉంది. తెలుగువాళ్ల పేరులో ఇంటిపేరు ముందొస్తుంది, సొంత పేరు తరవాత. మ్యాక్‌లో కూడా మొదటి 24 బిట్లు తయారీదారు ఇంటిపేరు లాంటివి, మిగతా 24 ఆ పరికరం సొంత పేరు. ఆ ఇంటిపేర్లను ఐఈఈఈ అనే సాంకేతిక ప్రమాణాల సంస్థ కేటాయిస్తుంది, ఆ జాబితా అందరికీ అందుబాటులోనే ఉంటుంది. వైఫైలో ఏమేం ఉన్నాయో చూపించే యాప్‌లు ‘ఇది ఫలానా కంపెనీ టీవీ, ఇది ఫలానా కంపెనీ కెమెరా’ అని చెప్పేది చాలావరకు ఆ జాబితా చూసే.

ఫోన్ల విషయంలో ఈ పద్ధతి ఇప్పుడు పనిచేయదు. ఒకే మ్యాక్‌తో ఊరంతా తిరిగితే మాల్‌లో, విమానాశ్రయంలో, ఆఫీసులో మనిషి కదలికలు పట్టేయొచ్చు. అందుకని 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు వాడుతున్నాయి. ఆ మారుపేరును గుర్తుపట్టడం తేలికే. మ్యాక్‌లో ఎడమవైపు నుంచి రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఏదో ఒకటైతే అది తయారీదారు ఇచ్చింది కాదు, అక్కడికక్కడ పెట్టుకున్నది. ‘మనిషికి రెండు పరికరాలే’ అని మ్యాక్ లెక్కన వైఫై ఇచ్చే పీజీల్లో, ఫోన్‌లో వైఫైని తీసేసి మళ్లీ కలుపుకున్నాక నెట్ ఆగిపోవడం వెనక ఈ మారుపేరే ఉండొచ్చు. ఆ ఒక్క వైఫైకి సెట్టింగ్స్‌లో అసలు మ్యాక్ వాడమని చెబితే సరిపోతుంది.

మ్యాక్‌ను ఎవరైనా మార్చుకోగలిగినప్పుడు దాన్ని గుర్తింపు కార్డులా చూడటం సరికాదు. మ్యాక్ వడపోత (జాబితాలో ఉన్న మ్యాక్‌లనే రానివ్వడం) పెట్టేశాం, ఇక భయం లేదని కొందరు నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు భరోసా ఇస్తుంటారు. దానిని నమ్ముకుని ఊరుకోవడం ప్రమాదం.

రెండు రౌటర్లు, ఒకే పేరు

ఆర్ప్ నమ్మకం ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి దొంగలే రానక్కర్లేదు. పీజీల్లో తరచూ జరిగే ఒక సంగతి చాలు. మూడో అంతస్తు గదిలో వైఫై సరిగా అందడం లేదని ఎవరో సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో మూలనపడ్డ పాత రౌటర్ తెచ్చుకుంటారు. గోడకున్న కేబుల్‌ను దాని వెనక ఏదో ఒక రంధ్రంలో గుచ్చుతారు. బయటి లైను కోసం విడిగా ఉండే వ్యాన్ పోర్టులో పెట్టి ఉంటే గొడవ దాదాపు ఉండదు. లోపలి పరికరాల కోసం పక్కపక్కన నాలుగుండే ల్యాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెడితే ఆ పాత రౌటర్ పీజీ నెట్‌వర్క్ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. దాని ఐపీ కూడా చాలాసార్లు 192.168.1.1యే.

అరగంటలో వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది. ‘అన్నా, నెట్ వస్తోందా?’ ‘నాకొస్తోందే!’ ‘మా గదిలో ఇద్దరికి ఉంది, నాకే లేదు.’ ‘ఇందాక పోయింది, ఇప్పుడొచ్చింది.’ వైఫై గీతలు మాత్రం అందరికీ నిండుగానే ఉంటాయి. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ మనిషి వచ్చి కింద మెయిన్ రౌటర్ దగ్గర చూసి, లైను బాగానే ఉందని చెప్పి వెళ్తాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

లోపల జరుగుతున్నది ఇది. ఫోన్ ‘192.168.1.1 ఎవరు?’ అని అడిగినప్పుడు రెండు రౌటర్లూ ‘నేనే’ అంటాయి. ఏ జవాబు పట్టికలో మిగిలితే ఆ ఫోన్ దారి అటే. అసలుదాని పేరు మిగిలినవాళ్లకు నెట్ వస్తుంది. పాతదాని పేరు మిగిలినవాళ్ల ప్యాకెట్లు మూడో అంతస్తులో ఆగిపోతాయి, ఎందుకంటే దాని వెనక ఇంటర్నెట్ లేదు. గడువు తీరి మళ్లీ అడిగినప్పుడు పట్టిక తారుమారవుతుంది. పైగా పాత రౌటర్ కొత్తగా చేరినవాళ్లకు తన తరఫున ఐపీలు కూడా పంచుతుంటుంది. అందుకే ఒకే గదిలో ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడం, వచ్చి పోవడం.

పట్టుకోవడం కష్టం కాదు. నెట్ వస్తున్న ల్యాప్‌టాప్, రాని ల్యాప్‌టాప్ పక్కపక్కన పెట్టి రెండింటిలోనూ ఆర్ప్ పట్టిక చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఆర్ప్’ అని టైప్ చేసి, ఖాళీ వదిలి ‘హైఫన్ ఏ’ (arp -a) కొడితే ఆ పట్టిక మొత్తం వస్తుంది. రెండు చోట్లా 192.168.1.1 ఎదురుగా ఉన్న మ్యాక్ ఒకటే అయితే గొడవ వేరే ఎక్కడో ఉంది. వేరువేరైతే, మొదటి మూడు జతలు చూస్తే ఆ రెండో రౌటర్ ఏ కంపెనీదో కూడా తేలిపోతుంది. ఇంటిపేరు తెలిసింది, ఇక మనిషిని పట్టాలి. మెట్ల దగ్గర పెట్టెలో ఉండే స్విచ్‌లో ఒక్కో కేబుల్ పీకి చూడాలి. ఏది పీకితే ఆ మ్యాక్ జవాబివ్వడం మానేస్తుందో ఆ గదిలోనే పాత రౌటర్ ఉంది. దానిని వ్యాన్ పోర్టులోకి మార్చి, దాని ఐపీ వరసను వేరేగా పెడితే అందరికీ నెట్ వచ్చేస్తుంది, ఆ గదివాళ్ల వైఫై కూడా నిలుస్తుంది. ఆ కుర్రాడిని తిట్టడానికి ఏమీ లేదు, ఏ రంధ్రంలో పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇదే పని కావాలని చేసేవాళ్లూ ఉంటారు. నేనే రౌటర్‌నని అబద్ధపు ఆర్ప్ జవాబులు పదేపదే పంపితే పక్కవాళ్ల ప్యాకెట్లు తన ల్యాప్‌టాప్ మీదుగా పోతాయి. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు హెచ్‌టీటీపీఎస్ (మాటలకు తాళం వేసి పంపే పద్ధతి) వాడుతున్నాయి కాబట్టి లోపలి మాటలు చదవలేరు. కానీ ఎవరు ఏ సైట్‌కు వెళ్తున్నారో చాలావరకు తెలుసుకోవచ్చు, నెట్ ఆపేయవచ్చు, వేగం తొక్కిపెట్టవచ్చు.

ఐపీ కొత్త రూపం ఐపీవీ6 వచ్చాక ఆర్ప్ స్థానంలో నైబర్ డిస్కవరీ వచ్చింది. పేరులోనే ‘పొరుగు’ ఉంది. దీని తొలి రూపం 1996 నాటిది, ఇప్పుడు అమల్లో ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 4861 వచ్చింది 2007 సెప్టెంబరులో. ఇందులో మొదటి మెరుగుదల కేక మానేయడం. వెతుకుతున్న ఐపీవీ6 చిరునామాలో చివరి 24 బిట్లను బట్టి ఒక చిన్న గుంపు చిరునామా తయారవుతుంది, ప్రశ్న ఆ గుంపుకే పోతుంది. పేరంటానికి ఊరంతా చాటింపు వేయకుండా, పిలవాల్సిన ఇంటికే వెళ్లి బొట్టు పెట్టి చెప్పినట్టు. వైఫైలో దీని విలువ ఇంకా ఎక్కువ. అక్కడ అందరికీ పోయే కేకలు సాధారణంగా తక్కువ వేగంతో పోతాయి, వాటి కోసం నిద్రపోతున్న ఫోన్లు కూడా లేచి వినాల్సి వస్తుంది. అంత బ్యాటరీ ఖర్చు. అయితే ఈ గుంపు పిలుపులు కూడా గాలిలో అందరి మీదుగానే పోతాయి కాబట్టి, మంచి యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పెట్టెలు) ఐపీవీ4లో అయినా ఐపీవీ6లో అయినా తమకు తెలిసిన జవాబు తామే ఇచ్చేసి ఫోన్లను లేపకుండా ఊరుకుంటాయి.

రెండోది ఇంకా బాగుంది. పొరుగువాడి చిరునామా రాసుకోవడంతో పని అయిపోయిందనుకోదు. ఉన్నాడా లేడా అని కనిపెట్టుకుని ఉంటుంది. కాసేపు మాట లేకపోతే ‘పాతబడింది’ అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ తరవాత పంపాల్సి వస్తే ప్యాకెట్ పంపేసి ఐదు సెకన్లు ఆగుతుంది. అవతలివాడు బతికే ఉన్నాడని ఈలోగా ఏ సూచనా రాకపోతే సెకనుకు ఒకటి చొప్పున మూడుసార్లు తలుపు తడుతుంది. పలక్కపోతే పేరు కొట్టేస్తుంది. కొత్త చిరునామా పెట్టుకునే ముందు కూడా ‘ఇది ఇక్కడ ఎవరిదైనా ఉందా?’ అని అడిగి, ఎవరూ పలకకపోతేనే పెట్టుకుంటుంది. రౌటర్ దాటి వచ్చిన ప్రతి ప్యాకెట్‌లో హాప్ లిమిట్ (ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే, 255కు మించని సంఖ్య) ఒకటి తగ్గుతుంది కాబట్టి, ఈ సందేశాల్లో అది కచ్చితంగా 255 ఉండాలన్న నియమం పెట్టారు. 255 ఉందంటే బయటి నుంచి వచ్చింది కాదు, ఈ వీధిలోనే పుట్టింది. చిన్న నియమంతో ప్రపంచం మొత్తాన్నీ గుమ్మం బయట నిలబెట్టారు.

కానీ వీధిలోపలివాడే అబద్ధం చెబితే? ఇక్కడా పాత కథే. జవాబు ఇచ్చినవాడు నిజంగా ఆ చిరునామా సొంతదారేనని సంతకంతో నిరూపించే పద్ధతి ఒకటి 2005లోనే ఆర్‌ఎఫ్‌సీ 3971గా వచ్చింది. ఫోన్లలో, మామూలు కంప్యూటర్లలో అది వాడకంలోకి రానే లేదు. దారి తెలిసి కూడా నడవకపోవడం ఈ రంగంలో నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక మొదట చెప్పిన టీవీ దగ్గరికి వద్దాం. చిరునామాలు తెలిస్తే సరిపోదు, ఎవరు ఏ పని చేయగలరో తెలియాలి. దానికి ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతి ఉంది, 2013 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 6762గా వెలువడింది. దానికి తోడు 6763. ఈ రెండింటినీ రాసింది ఆపిల్‌కు చెందిన స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోక్మల్. ఫోన్ 224.0.0.251 అనే గుంపు చిరునామాకు, 5353 పోర్టు (ఇక్కడ రంధ్రం కాదు, ఒక సంఖ్య) మీద ‘క్యాస్ట్ చేయించుకునేవాళ్లు ఎవరున్నారు?’ అని అడుగుతుంది. టీవీలు తమ పేరు, ఐపీ, పోర్టు చెబుతాయి. కొత్త టీవీ ఆన్ అయినప్పుడు, పెట్టుకోబోయే పేరు ఎవరికైనా ఉందా అని పావు సెకను తేడాతో మూడుసార్లు అడుగుతుంది. ఉంటే తన పేరు చివర 2 చేర్చుకుంటుంది. జాబితాలో ‘లివింగ్ రూమ్ 2’ లాంటి పేర్లు కనిపించడం ఇలాగే. ప్రింటర్లు, స్పీకర్లు ఇదే బాట. ఎస్‌ఎస్‌డీపీ అనే ఇంకో పద్ధతి 239.255.255.250 మీద ఇలాంటి పనే చేస్తుంది.

ఆ గుంపు చిరునామాకు పోయే మాటల్లో మనుషుల వివరాలూ పోతాయని చాలామందికి తెలియదు. ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో సొంతదారు పేరే పెట్టుకోవడం అలవాటు. ఆ పేరు అదే వైఫై మీద ఉన్న ఎవరికైనా కనిపించొచ్చు. ఆడపిల్లల పీజీల్లో, కో-లివింగ్ భవనాల్లో ఇది చిన్న విషయం కాదు. పరికరం పేరు మార్చడం ఒక నిమిషం పని. 2020 నుంచి ఐఫోన్‌లో ఏ యాప్ అయినా లోకల్ నెట్‌వర్క్‌లో వెతకాలంటే ముందు అనుమతి అడగాలి. టార్చ్ లైటు యాప్ ఆ అనుమతి అడిగితే ఇవ్వాల్సిన అవసరం లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో పరిస్థితి మెరుగు. అక్కడి స్విచ్‌లు ఎల్‌ఎల్‌డీపీ అనే పద్ధతితో 30 సెకన్లకోసారి ‘నేను ఫలానా స్విచ్, ఇది నా ఫలానా పోర్టు’ అని కేబుల్ అవతలి కొసకు చెప్పుకుంటాయి. ఆ మాట పక్క పరికరం దగ్గరే ఆగిపోతుంది, ముందుకు పోదు. లేబుల్ ఊడిపోయిన కేబుల్ ఎక్కడికి పోతుందో కనుక్కోవడానికి ఇంజినీర్లకు ఇదే ఆధారం. అంతకన్నా ముఖ్యంగా, అక్కడ ఏ పోర్టులో ఎవరికి ఏ ఐపీ ఇచ్చారో స్విచ్ రాసుకుంటుంది, దానికి విరుద్ధంగా వచ్చిన ఆర్ప్ జవాబును పారేస్తుంది. వైఫైలో చేరే మనిషి కూడా తన సొంత లాగిన్‌తోనే చేరాలి. నమ్మకం స్థానంలో లెక్క వచ్చింది.

పీజీలకు అంత ఖర్చు అక్కర్లేదు. చాలా యాక్సెస్ పాయింట్లలో క్లయింట్ ఐసోలేషన్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఫోన్లు రౌటర్‌తో మాట్లాడతాయి కానీ ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. పక్క గది టీవీ కనిపించదు, అబద్ధపు ఆర్ప్ జవాబు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు చేరదు. సొంత టీవీకి క్యాస్ట్ చేసుకోవడం కూడా ఆగిపోతుంది, అది నిజమే. ఒకరికొకరు తెలియనివాళ్లుండే చోట ఆ నష్టం భరించదగ్గదే. ఇంట్లో మాత్రం దీన్ని పెట్టుకోకూడదు, ప్రింటర్ పనిచేయడం లేదని రోజంతా వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లు కెమెరాలను, చవక స్మార్ట్ ప్లగ్‌లను గెస్ట్ వైఫై మీదికి మార్చుకుంటే చాలు. కేబుల్ ద్వారా వచ్చే గొడవను ఈ మీట ఆపలేదని కూడా గుర్తుండాలి. మూడో అంతస్తు పాత రౌటర్ వచ్చింది గోడ కేబుల్ నుంచే. దానికి స్విచ్‌లోనే పోర్టులను విడదీయాలి.

ఈలోగా పీజీ చూసుకునేవాళ్లు నెట్ బాగున్న రోజున ఒక పని చేసిపెట్టుకోవచ్చు. ఏదో ఒక ల్యాప్‌టాప్‌లో ఆర్ప్ పట్టిక తెరిచి, 192.168.1.1 ఎదురుగా ఉన్న మ్యాక్‌ను కాగితం మీద రాసి రౌటర్ పక్క గోడకు అంటించాలి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే రాసేస్తే సరిపోకపోవచ్చు. ఒకే రౌటర్‌లో వ్యాన్‌కు, ల్యాన్‌కు, వైఫైకి వేరువేరు మ్యాక్‌లుంటాయి, తరచూ చివరి అంకె ఒకటి రెండు తేడాతో. పట్టికలో కనిపించిందే రాయాలి.